బొటనవేలి మాట

జూన్ 11

పిచ్చుకకు,

నేను బాగానే ఉన్నాను. నువ్వు పంపిన కెమెరాయే బాగాలేదు. ముందు ఆ సంగతి తేలితే మిగతా క్షేమాలు తర్వాత రాసుకోవచ్చు.

ఫోన్ చేయొచ్చు కదా అమ్మమ్మా అంటావు. ఫోనులో నువ్వు చెబుతున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది, పెట్టేశాక ఒక్క ముక్క మిగలదు. కాగితమైతే స్టూడియో గోడకు అంటించుకుని, మరిచినప్పుడల్లా చదువుకుంటాను. కాబట్టి రాయి. గొలుసుకట్టు రాత వద్దు. పెద్దగా, విడివిడిగా రాయి.

నా పాత కెమెరాను చూసి బాగుచేసేవాడు "దీనికి నూకలు చెల్లాయమ్మా, సామాన్లు ఎక్కడా దొరకవు" అన్నాడు. అప్పుడు నువ్వు కొత్తది కొనుక్కుని నీది నాకు పంపావు. సంతోషం. కానీ దీని షట్టరు సగం నొక్కితే ఫోకస్ కుదరదు. ఫోకస్ కావాలంటే వెనక బొటనవేలి కింద ఉన్న ఇంకో బటన్ నొక్కాలని నీ చీటీలో ఉంది. ఒక పనికి రెండు వేళ్ళెందుకు? నేను చేత్తో రింగు తిప్పి ఫోకస్ చేసే రోజుల నుంచీ ఈ పనిలో ఉన్నాను. షట్టరు నొక్కేది చూపుడువేలు. బొటనవేలి ఉద్యోగం కెమెరా జారిపడకుండా పట్టుకోవడం.

ఆగస్టులో స్కూలు ఆటల పోటీలున్నాయి. ఏటా ఆ ఫొటోలు మన స్టూడియోవే. ఈసారి కొత్త హెడ్మిస్ట్రెస్ వచ్చింది. "మేడమ్, పోయిన ఏడాదివి కొన్ని మసకగా ఉన్నాయి. నమూనాకు కొన్ని తీసి చూపించండి, నచ్చితే మీకే" అంది. నా ఎదురుగా, నేను తీసిన ఫొటోలు బల్ల మీద పరిచి మరీ అంది. పాత కెమెరా అప్పటికే చెడి ఉండాలి. ఈ పని కూడా పోతే స్టూడియోకు మిగిలేది పాస్‌పోర్టు ఫొటోలు. వాటికీ మనుషులు రావడం లేదు. మీ మామయ్య ఆ గదిని సెల్‌ఫోన్ల కొట్టుకు అద్దెకిద్దామని గుంటకాడ నక్కలా కాచుకుని ఉన్నాడు.

ఈ బటన్ సంగతి వెంటనే రాయి.

అమ్మమ్మ


జూన్ 19

అమ్మమ్మా,

నీ ఉత్తరం మైదానం అంచున కూర్చుని చదివాను. ఇవాళ పరుగు పందేలు. మోకాళ్ళు పట్టేశాయి, మెడ మీద చర్మం ఊడుతోంది. మా పత్రికాఫీసు పెద్దాయన రాశులకొద్దీ ఫొటోల్లోంచి ఒక్కటి ఏరుకుని "మిగతావన్నీ నువ్వే దాచుకో తల్లీ" అంటాడు. అలవాటైపోయింది.

బొటనవేలి బటన్ ఎందుకో చెప్తాను. షట్టరుకు రెండు పనులూ అప్పజెబితే, నొక్కిన ప్రతిసారీ అది మళ్ళీ ఫోకస్ కోసం వెతుక్కుంటుంది. నువ్వు ఒకసారి కుదుర్చుకున్నదాన్ని మళ్ళీ చెడగొడుతుంది. వండేవాళ్ళు వేరు, వడ్డించేవాళ్ళు వేరు అనుకో. బొటనవేలు వండుతుంది, చూపుడువేలు వడ్డిస్తుంది. వంటయ్యాక ఎన్నిసార్లయినా వడ్డించు, పొయ్యి మళ్ళీ వెలిగించక్కర్లేదు.

కదలని మనిషైతే, మధ్యలో కనిపించే చుక్కను అతని కంటి మీద పెట్టు. బొటనవేలు నొక్కు, వదిలేయ్. తర్వాత కెమెరాను కాస్త పక్కకి జరిపి నీకు కావలసినట్టు తీసుకో. ముందుకీ వెనక్కీ మాత్రం అడుగు వేయకు.

కదిలే మనిషైతే బొటనవేలు వదలకు. అతను కదులుతున్నంతసేపూ నొక్కే ఉంచు. కెమెరా అతని వెంటే వెళ్తుంది.

అంతే. ఎదుటి కొట్టు దర్జీ మీద, వీధిలో సైకిళ్ళ మీద సాధన చెయ్యి. నీ చేతికి రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

నీ పిచ్చుక


జూన్ 28

పిచ్చుకకు,

నీ వంట ఉడకలేదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. దర్జీ మిషను ముందు కూర్చుని ఉన్నాడు. చుక్క అతని కంటి మీద పెట్టాను, నొక్కాను, వదిలాను, తీశాను. అడుగు కదపలేదు. మసక. సైకిళ్ళ వెంట బొటనవేలు నొప్పిపుట్టేదాకా నొక్కి తీశాను. మసక. బస్‌స్టాపులో జనాన్ని తీశాను, అదీ అంతే. కెమెరా వెనక బొమ్మ చిన్నది కాబట్టి పొరపడ్డానేమోనని అన్నీ ప్రింట్లు వేయించాను. షాపాయన "బాగానే ఉన్నాయి కదండీ" అన్నాడు. ఆయనకు ఏ ఫొటో అయినా బాగానే ఉంటుంది, డబ్బులిస్తే.

ఈమధ్య దేనికీ శ్రద్ధ లేదు. న్యూస్‌పేపరు అచ్చు కూడా అలికేసినట్టు ఉంటోంది. పేపరువాడిని అడిగితే తలగోక్కున్నాడు.

చెడిపోయిన సరుకు నాకు అంటగట్టావని అనడం లేదు. పంపే ముందు ఒకసారి పరీక్షించి ఉండాల్సింది అంటున్నాను. హెడ్మిస్ట్రెస్ ఇంకోసారి కబురు పెట్టింది. ఏం చూపించను?

ఇక్కడ నాకు కాళ్ళూ చేతులూ సరిగానే ఉన్నాయి. ఓపికే తగ్గుతోంది.

అమ్మమ్మ


జూలై 7

అమ్మమ్మా,

తిట్టదలిస్తే మామూలుగా తిట్టు. అంత పెద్ద పెద్ద అక్షరాలతో రాయాలా? పోయిన ఉత్తరం ఒక్కో పేజీకి పది వరసలు కూడా లేవు. కాగితం మీద అరుస్తున్నట్టు ఉంది. ఆఫీసులో పక్కసీటావిడ చూసి "ఎవరు, మీ బాసా?" అంది. కాదు, మా అమ్మమ్మ అన్నాను. "రెండూ ఒకటేలే" అంది.

నేను ఆ కెమెరాతో పంపే ముందు రోజు కూడా పని చేశాను. అది చెడిపోలేదు.

రెండు అనుమానాలున్నాయి. కన్ను పెట్టి చూసే అద్దం పక్కన చిన్న చక్రం ఉంటుంది. లోపల కనిపించే అంకెలు స్పష్టంగా వచ్చేదాకా దాన్ని తిప్పు. ఇక బస్‌స్టాపులో, నువ్వు తీసే మనిషికీ నీకూ మధ్య ఎవరో నడిచి ఉంటారు. నువ్వు నొక్కే ఉంచితే కెమెరా కొత్త మనిషిని పట్టుకుంటుంది. ఎవరైనా అడ్డొస్తే బొటనవేలు ఎత్తేయ్. ఫోకస్ ఉన్నచోటే ఉండిపోతుంది. వాళ్ళు దాటాక మళ్ళీ నొక్కు.

అయినా కుదరకపోతే లోపలి కార్డు తీసి నాకు పంపు, చూస్తాను. నీ దగ్గర ఇంకోటి ఉంది కదా.

ఒక మాట చెప్తే కోప్పడకు. ఈ ఏడాదికి స్కూలు పని వదిలేస్తే ఏమవుతుంది? ఎండలో పొద్దస్తమానం నిలబడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా వయసుకే ఒళ్ళు హూనమవుతోంది.

నీ పిచ్చుక


జూలై 15

పిచ్చుకకు,

కార్డు ఈ కవరులో ఉంది.

చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాను. అంకెలు అక్కడా అంతే, ఇక్కడా అంతే. అడ్డొచ్చినప్పుడు వేలెత్తడం మాత్రం బాగుంది, ఒప్పుకుంటున్నాను. దర్జీ కొట్టుకు ఆడవాళ్ళు వస్తూ పోతూ ఉంటే, నేను తలుపు చాటున నిలబడి బొటనవేలు ఎత్తుతూ దించుతూ ఉన్నాను. దర్జీ చూసి "ఎవరికమ్మా సైగలు?" అన్నాడు. ఫలితం మాత్రం మసకే.

కుడి బొటనవేలి కీలు నొప్పిగా ఉంది. చెబితే అది కూడా మానెయ్యమంటావు.

అక్షరాలు పెద్దవైతే కోపమని ఎవరు చెప్పారు? నాకు కోపమొస్తే అక్షరాలతో పనిలేదు, నీకు తెలుసు. నిజంగా కోపం ఇప్పుడు వచ్చింది. స్కూలు పని వదిలెయ్యమని రాశావు. సరిగ్గా ఇదే మాట, ఇదే వరసలో, పోయిన ఆదివారం మీ మామయ్య ఇక్కడ కూర్చుని అన్నాడు. "ఎండలో నీకెందుకమ్మా" అన్నాడు. మీ ఇద్దరికీ ఎండ మీద ఇంత చింత ఒకేసారి ఎలా పుట్టిందో!

ఇవాళ సాయంత్రం వీధిదీపాలు వెలిగాక ఇది రాస్తున్నాను. కొత్త దీపాలేవో పెట్టారు, ఒక్కోదాని చుట్టూ గొడుగంత వలయం. వెలుగు ఎక్కువ, చూపు తక్కువ. అన్నీ ఇలాగే ఉన్నాయి.

కార్డు చూసి నిజం రాయి.

అమ్మమ్మ


జూలై 24

అమ్మమ్మా,

కార్డు చూశాను. నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. కుర్చీలో కూర్చుని చదువు.

నీ ఫొటోలు మసకగా లేవు. దర్జీ కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయి. సూదిలో దారం కనిపిస్తోంది. సైకిలు తొక్కే ఆమె చెవి పోగు మెరుపు కనిపిస్తోంది, చక్రాల పుల్లలు మాత్రమే తిరుగుడులో కలిసిపోయాయి, అవి అలాగే ఉండాలి. బస్‌స్టాపులో గొడుగు పట్టుకున్న పెద్దాయన ముందు నుంచి ఎవరో దాటారు. అయినా ఆయన ముఖం చెదరలేదు. నువ్వు నేనింకా చెప్పకముందే వేలెత్తావన్నమాట. మా ఆఫీసు పెద్దాయన నా వెనక నుంచి తొంగిచూసి "ఎవరు తీశారు?" అన్నాడు. నావి చూసి ఆయన ఎప్పుడూ ఆ మాట అడగలేదు.

కాబట్టి తప్పు కెమెరాది కాదు. బొటనవేలిదీ కాదు. నువ్వు రాసినవన్నీ ఇప్పుడు మళ్ళీ చదివాను. పేపరు అచ్చు, వీధిదీపాల చుట్టూ వలయాలు, తిప్పినా తేడా రాని చక్రం, పెద్ద అక్షరాలు. నేను అన్నీ కోపం కింద జమకట్టాను. అమ్మమ్మా, కళ్ళు చూపించుకో. ఆలస్యం చేయకు.

నువ్వొక్కదానివే వెళ్ళవని మామయ్యకు కూడా రాశాను, తీసుకెళ్ళమని.

నీ పిచ్చుక


ఆగస్టు 1

మనవరాలికి,

మీ మామయ్య వచ్చాడు. కంటి డాక్టరు దగ్గరికి కాదు. వెంట ఒక మనిషిని తెచ్చి, టేపు పట్టుకుని స్టూడియో గది కొలిచారు. నేను నిలబడి ఉండగానే నా కుర్చీ జరిపి కొలిచారు. "ఊరికే కొలుస్తున్నామమ్మా. నీకు చూపు తగ్గిందని పిచ్చుక రాసింది కదా, ముందుచూపు మంచిది" అన్నాడు.

వాడి ముందుచూపు గురించి నాకు ఎప్పుడూ అనుమానం లేదు. నీది ఇవాళ తెలిసింది. గుడ్డిదాన్నని ఊరంతా చెప్పాక గది ఖాళీ చేయించడం తేలికే.

కెమెరా పెట్టెలో సర్దాను. నీకు తిరిగి పంపుతున్నాను.

అమ్మమ్మ


ఆగస్టు 4

పిచ్చుకకు,

కెమెరా పంపలేదు. ఎందుకు పంపలేదో రాయకపోతే పోయిన ఉత్తరం తప్పుడు ఖాతాగా మిగిలిపోతుంది.

పెట్టె మీద నీ చిరునామా నా చేత్తోనే రాసి పోస్టాఫీసుకు తీసుకెళ్ళాను. గుమాస్తా అటూ ఇటూ తిప్పి "అమ్మా, ఒక వరస మీద ఇంకో వరస రాశారు. ఇది మనుషులెవరూ చదవలేరు" అన్నాడు. వాడు మీ మామయ్య మనిషి కాదు. ఇంతకు ముందు నన్నెప్పుడూ చూడలేదు. పెట్టె చంకలో పెట్టుకుని నేరుగా దర్జీ కొట్టుకు వెళ్ళాను. ప్రింట్లు అతని చేతిలో పెట్టి, ఏం కనిపిస్తోందో చెప్పమన్నాను.

"నేను, నా మిషను, నా బట్టతల."

"అవి నాకూ తెలుసు. చిన్నవి చెప్పు."

"సూది బెజ్జంలో దారం. గోడ మీద నా టేపు, దాని మీద అంకెలు. చొక్కా జేబు కుట్టు వంకర పోయింది... అమ్మా, ఈ ఫొటో ఎవరికీ చూపించకండి, వ్యాపారం పోతుంది."

నేను ఎడమ కన్ను మూసుకుని కుడికంటితో చూశాను. మనిషి, మిషను, గోడ తడిసిన కాగితం మీద సిరాలా ఒకదాంట్లోకి ఒకటి పాకాయి. కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో చూశాను. కాస్త నయం. జీవితమంతా నేను కెమెరాకు ఆనించింది కుడి కన్నే.

డాక్టరు దగ్గరికి నేనే వెళ్ళాను. రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయట, కుడిది బాగా ముదిరిందట. "ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందండీ?" అంది డాక్టరమ్మ. "మీ దగ్గరికి వచ్చేదాకా ఏమీ లేదు" అన్నాను. వెంటనే ఆపరేషన్ అంది. ఆటల పోటీలు అయ్యాకే అన్నాను. అందులో వాదన లేదు. ఈ ఏడు నేను వెళ్ళకపోతే వచ్చే ఏడు నన్ను పిలవరు. టేపుతో కొలిచిన గదికి అప్పుడు ఎవరు అడ్డు చెబుతారు?

దర్జీ బాగున్నాయన్నవి ఏరి స్కూలుకు తీసుకెళ్ళాను. జేబు కుట్టు ఫొటో వద్దన్నాడు, దాన్నే పైన పెట్టాను. హెడ్మిస్ట్రెస్ చాలాసేపు చూసి "కుట్టు కూడా లెక్కపెట్టొచ్చు" అంది. పని మనకే ఇచ్చింది. నేను చూడలేని ఫొటోలు చూపించి పని తెచ్చుకున్నాను. ఇది మోసమా కాదా అన్నది ఆలోచించే ఓపిక ప్రస్తుతం లేదు.

ఎడమ కన్ను పెట్టి ప్రయత్నించాను. ఆ బటన్ మీదికి వెళ్ళే బొటనవేలు నా కుడి కంట్లోనే పొడుచుకుంటోంది. ఉన్న జబ్బు చాలదన్నట్టు.

కనిపించని మనిషి ఈ కెమెరాతో ఆటల పోటీలు ఎలా తీయాలో, వరసగా, పెద్ద అక్షరాలతో రాయి.

అమ్మమ్మ


ఆగస్టు 10

అమ్మమ్మా,

మామయ్యకు రాయడం నా బుద్ధితక్కువ. టేపు తెస్తాడని ఊహించలేదు. ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను. "చిన్నదానివి, నీకేం తెలుసు" అన్నాడు. నాకు తెలిసింది ఒక్కటే, అది ఇక్కడ రాస్తున్నాను.

ఎడమ కన్ను పెట్టేటప్పుడు కళ్ళద్దాలు తీయకు, వేలు కంట్లో పడదు. ముఖం కొంచెం పక్కకి తిప్పి పెట్టు.

పరుగు: ముఖాలు వెతక్కు. చొక్కా రంగు ఒకటి ఎంచుకో. మధ్య చుక్క ఆ రంగు మీద పడగానే బొటనవేలు నొక్కు, గీత దాటేదాకా వదలకు. బొమ్మ కుదిరిందో లేదో కంటితో చూసుకోవాలని నీకు మనసు లాగుతుంది. లాగనివ్వకు.

ఎత్తు దూకేచోట: పిల్లలు రాకముందే అడ్డకర్ర మీద నొక్కి, వదిలెయ్. ఫోకస్ అక్కడే ఉండిపోతుంది. ఎవరు దూకినా ఆ కర్ర మీదుగానే కదా దూకాలి. కర్ర మీదికి నీడ లేవగానే షట్టరు. నువ్వు మాత్రం నిలబడ్డచోటు మారకూడదు.

బహుమతులు: కప్పు పుచ్చుకునే చోట ఎవరినైనా నిలబెట్టి ఒకసారి నొక్కి వదులు. ఆ తర్వాత పిల్లలు వస్తూ పోతూ ఉన్నా బొటనవేలితో పనిలేదు.

నువ్వు చూడక్కర్లేదు అమ్మమ్మా. ఎక్కడ నొక్కాలో, ఎప్పుడు వదలాలో తెలిస్తే చాలు. అది నాకన్నా నీకే బాగా తెలుసు.

నేను రావాలని చాలా అనుకున్నాను. సెలవు ఇవ్వలేదు.

నీ పిచ్చుక


ఆగస్టు 22

పిచ్చుకకు,

అయిపోయింది. ఒళ్ళంతా ఎవరో మడిచి పెట్టినట్టు ఉంది.

నీ కాగితం కొంగుకు గుచ్చుకుని వెళ్ళాననుకోకు, అక్కడ ఎండలో చదవలేనుగా. ఇంట్లోనే కంఠస్థం చేశాను. పచ్చ చొక్కా మీద నొక్కి పట్టుకున్నాను. గీత దాటింది పచ్చ చొక్కానో ఎర్ర చొక్కానో చప్పట్లను బట్టి తెలుసుకున్నాను. ఎత్తు దూకేచోట కర్ర మీద నొక్కి వదిలి, కొంగలా నిలబడ్డాను. ఒక టీచరు "కుర్చీ వేయిస్తాను, ఇటు జరగండి మేడమ్" అంది. జరిగితే ఫోకస్ పోతుందన్నాను. నాకు మతి పోయిందనుకుని ఉంటుంది.

ఇన్నేళ్ళూ నాకు స్పష్టంగా కనిపించాకే షట్టరు నొక్కాను. ఇవాళ ఒక్కటీ అలా తీయలేదు. అన్నీ బొటనవేలి మాట మీదే.

చివరి పరుగు అయ్యాక, బహుమతులకు ముందు, పిల్లలు నన్ను మధ్యలో కూర్చోబెట్టి ఫొటో దిగాలన్నారు. కెమెరా వాచ్‌మన్ చేతికిచ్చాను. "పైన ఈ బటన్ నొక్కు, అంతే" అని చెప్పాను.

కార్డు పంపుతున్నాను. నేను కెమెరా వెనక బొమ్మలు చూడలేదు, చూసినా తెలియదు. నువ్వే చూసి, బాగున్నవి ప్రింట్లు వేయించి స్కూలుకు నేరుగా పంపు. నాకో సెట్టు పంపు. బాగాలేనివాటిని బాగున్నాయని రాస్తే మాత్రం నాకు మనవరాలు లేదనుకుంటాను.

ఎల్లుండి కుడికంటికి ఆపరేషన్. మీ మామయ్య తోడు వస్తానన్నాడు. టేపు ఇంట్లో పెట్టి రమ్మన్నాను.

అమ్మమ్మ


సెప్టెంబరు 1

అమ్మమ్మా,

ఈ ఉత్తరం మామయ్య చదివి వినిపిస్తాడని తెలుసు, అందుకే పొట్టిగా రాస్తున్నాను. నమస్తే మామయ్యా.

ప్రింట్లు స్కూలుకు చేరాయి. హెడ్మిస్ట్రెస్ నాకు ఫోన్ చేసి, వచ్చే ఏటి తేదీ ఇప్పుడే రాసుకోమంది. మామయ్యా, ఆ వాక్యం ఇంకోసారి చదువు.

అమ్మమ్మా, నీ సెట్టు ఈ కవరులో ఉంది. అన్నీ బాగున్నాయని రాయను. ఒకటి బాగాలేదు. ఏదో చెప్పను. ఎవరూ చెప్పకూడదు. కన్ను కుదుటపడ్డాక నువ్వే పట్టుకో.

నీ పిచ్చుక


సెప్టెంబరు 19

పిచ్చుకకు,

నిన్న డాక్టరమ్మ చదువుకోవచ్చంది. ఇంటికి వచ్చి కిటికీ పక్కన కూర్చుని కవరు విప్పాను. మీ మామయ్య పక్కనే కూర్చుని "నేను చెప్పనమ్మా, చెప్పను" అంటూ వేలితో చూపించబోయాడు. లోపలికి పంపించాను.

పచ్చ చొక్కా పిల్ల ఛాతీ మీద రిబ్బను తెగుతోంది, రిబ్బను పోగులు కూడా ఉన్నాయి. నేను చప్పట్లను బట్టి ఎర్ర చొక్కా గెలిచిందనుకున్నాను. దూకిన పిల్లవాడి పాదానికీ కర్రకూ మధ్య సన్నటి వెలుగు. నేను తీసినవి అందరికన్నా చివర నేను చూస్తున్నాను.

నువ్వన్నది దొరికింది. పిల్లల మధ్య నేను కూర్చున్నది. మా ముఖాలన్నీ అలికేసినట్టు ఉన్నాయి. వెనక దూరంగా, ఖాళీ మైదానంలో ముగింపు స్తంభం మాత్రం గీసినట్టుంది. చివరి పరుగుకు నేను బొటనవేలు ఎత్తింది అక్కడే. ఫోకస్ అక్కడే ఉండిపోయింది. వాచ్‌మన్‌కు వెనక బటన్ సంగతి నేనే చెప్పలేదు, అతని తప్పు లేదు. కన్ను రుద్దుకుని, మూసి, తెరిచి చూశాను. మసకే. నిజంగా మసకే. నా కన్ను కాదు. ఆ ఫొటోను నీ కాగితాల పక్కన గోడకు అంటించాను.

ఎడమ కంటికి వచ్చే నెలలో. ఓపిక రావడానికి ఇంకా చాలా రోజులు పడుతుందట. గది కొలతల కాగితం మీ మామయ్య చించేశాడో, దాచాడో అడగలేదు.

ఒకటే బాగాలేదని రాశావు. రెండు. రిలే పరుగులో చేతికర్ర అందుకునే పిల్లది చూడు, మోచెయ్యి స్పష్టంగా ఉంది, ముఖం లేదు. దాన్ని స్కూలుకు ఎలా పంపావు? పత్రికలో పని చేస్తున్నావు, కళ్ళు చూపించుకో.

అక్షరాలు చిన్నవయ్యాయని కోపం తగ్గిందనుకోకు.

అమ్మమ్మ